హజరా బీ తీసుకున్న ఎనిమిది వేలు

ఎమ్మిగనూరులో హజరా బీ గురించి ఒక మాట తిరుగుతోంది. మగ్గాల వీధిలో ఒకామెకు ఇంటి లోను ఇప్పిస్తానని ఎనిమిది వేలు తీసుకుందట. మూడు రోజుల్లో రిజిస్ట్రేషను అనగా తానే అడ్డం పడి చెడగొట్టిందట. ఆ ఇల్లు ఆమెకు కాకుండా పోయిందట. ఎనిమిది వేలు మాత్రం హజరా బీ సంచిలోనే ఉండిపోయాయట.

ఈ మాట నేను మొదట విన్నది నేను పనిచేసే జిరాక్సు షాపులోనే. మా షాపు రిజిస్ట్రారు ఆఫీసుకు ఎదురుగా ఉంటుంది. ఇద్దరు రైతులు ఆధార్ కార్డులు కాపీ తీయించుకుంటూ మాట్లాడుకుంటున్నారు.

"ఆదోని బూబమ్మ కదప్పా, లోన్ల బూబమ్మ. బ్యాంకు దగ్గరా తింటాది, మన దగ్గరా తింటాది."

"ఆ మగ్గం ఆమెను నిలువునా ముంచిందంట."

"ముంచక? ఆమెకేం పోయింది, బస్సు ఎక్కి ఆదోనికి పోయినాది."

నేను రెండు వైపులా కాపీ తీసి ఇచ్చాను. ఆ మగ్గం ఆమె మా అమ్మ, పేరు రాణి. ఆ సంగతి నోటి దాకా వచ్చింది కానీ బయటికి రాలేదు. తెలియనివాళ్ళ ముందు నేను మాట్లాడలేను. అందుకే రాస్తున్నాను.

హజరా బీది ఆదోని. యాభై రెండేళ్ళు ఉంటాయి. సోమ, బుధ, శుక్రవారాల్లో పొద్దున తొమ్మిదిన్నర బస్సుకు ఎమ్మిగనూరులో దిగుతుంది. నల్ల బురఖా వేసుకుంటుంది, ముఖం తెరిచే ఉంటుంది. చంకలో రెగ్జిన్ సంచి, అందులో రొట్టెల డబ్బా, పాత చీరముక్కలో చుట్టిన భూతద్దం. ఆమెకు ఆఫీసు లేదు, మా షాపు మెట్టు మీద కూర్చుంటుంది. షాపు ఓనరు పుల్లన్న మొదట్లో గొణిగేవాడు. ఆమె వచ్చిన రోజు కాపీలు ఎక్కువ పడతాయని తెలిసినాక ఆమె కోసం ఒక చాప ముక్క తెచ్చి పెట్టాడు.

ఆమె నాయన అబ్దుల్ గనీ ఆదోనిలో దస్తావేజులు రాసేవాడు. ఆ కాలం రాత గొలుసుకట్టు. కలం ఎత్తకుండా ఒక అక్షరంలోంచి ఇంకో అక్షరంలోకి పోతూ ఉంటుంది. ఇప్పటివాళ్ళు చూస్తే తెలుగో కాదో కూడా చెప్పలేరు. ఆయనకు చూపు తగ్గినప్పుడు కూతుర్ని ఏడో తరగతిలో బడి మాన్పించి పక్కన కూర్చోబెట్టుకున్నాడు. పాత దస్తావేజులు ఆమె చదవాలి, ఆయన వినాలి. తప్పు చదివితే స్కేలుతో బల్ల మీద కొట్టేవాడట.

"నన్ను కొట్టలేదు బేటీ. దెబ్బలన్నీ బల్లకే తగిలినాయి. ఆ బల్ల నాకంటే బాగా సదవాల ఇప్పటికి" అని ఒకసారి చెప్పింది.

నాయన పోయాడు. రాతపని కంప్యూటర్లలోకి పోయింది. భర్తది పత్తి మార్కెట్టులో తూకాల దగ్గర పని, సీజను ఉన్నన్నాళ్ళే. ఆమెకు వచ్చిందల్లా కాగితం చదవడం. ఇండ్ల లోన్లకు కాగితాలు సరిగా లేక జనం బ్యాంకుల చుట్టూ తిరగడం చూసి ఆ పనిలోకి దిగింది. లోను ఎంతయితే అందులో వందకు ఒక రూపాయి ఆమె ఫీజు.

ఆమె పని చేసే తీరు వేరు. ముందు ఆ ఇంటి ముందుకు పోయి నిలబడుతుంది. కాగితంలో రాసిన నాలుగు హద్దులు పైకి చదువుతుంది, వీధంతా వినేటట్టు. ఎవరో ఒకరు బయటికి వస్తారు. వచ్చినవాళ్ళు అవునంటే ఫైలు తీసుకుంటుంది. తగువు పెట్టుకుంటే కాగితం మడిచి ఇచ్చేసి తర్వాతి బస్సు ఎక్కుతుంది. పది ఫైళ్ళలో నాలుగింటికి వద్దని చెప్పడం నేను చూశాను. వాళ్ళు బయటికి పోయి ఆమెను తిట్టడం కూడా విన్నాను.

రెండేళ్ళు ఆమెను అట్లా చూస్తూ ఉన్నాను. మాకు ఆమెతో పని పడుతుందని అనుకోలేదు.

మేము ఉండేది బాడుగ ఇంట్లో. రెండు గదులు, ముందు రేకుల వసారా. పదకొండేళ్ళుగా అక్కడే. మాది గుంట మగ్గం. నేలలో మోకాళ్ళు దాటే లోతున గుంట తవ్వి, అందులో కాళ్ళు దించి కూర్చుని నేయాలి. ఇంకో ఇంటికి పోతే అక్కడ మళ్ళీ గుంట తవ్వాలి. టైల్సు పరిచిన ఇండ్లలో తవ్వనిచ్చేవాళ్ళు ఎవరూ లేరు. ఈ ఇల్లు పోతే అమ్మకు మగ్గం పోయినట్టే. ఆమెకు వేరే పని రాదు.

ఇంటి ఓనరు ఈరన్న సి.బెళగల్‌లో ఉంటాడు. నెల మొదట్లో వచ్చి బాడుగ తీసుకుపోతాడు. మే నెలలో వచ్చినప్పుడు వసారాలో కూర్చుని నీళ్ళు తాగి చెప్పాడు.

"రాణమ్మా, ఇల్లు అమ్ముతాండా. ఆదోని రామసుబ్బయ్య శెట్టి గోడౌనుకు అడుగుతాండాడు, పది లక్షలు. నువ్వు ఇన్నేండ్లు ఉండావు కాబట్టి ముందు నిన్ను అడుగుతాండా."

అమ్మ ఆ రోజు మగ్గం మీదికి ఎక్కలేదు. ఉన్న బంగారం, చీటీ డబ్బు కలిపితే రెండు లక్షలు అయింది. అందులో లక్ష బయానా ఇచ్చి అగ్రిమెంటు రాసుకున్నాం. తొంభై రోజుల్లో మిగతా డబ్బు కట్టకపోతే బయానా పోతుంది, ఇల్లు శెట్టికి పోతుంది. ఎనిమిది లక్షలు బ్యాంకు లోను రావాలి.

లోను మా అన్న సుధాకర్ పేరు మీద. ఆదోనిలో ఒక జిన్నింగు మిల్లులో ఎలక్ట్రీషియను. జీతం బ్యాంకులో పడుతుంది. బ్యాంకు మేనేజరు మంచిగానే మాట్లాడాడట. నేరుగా రండి, బ్రోకర్లతో పని లేదు అన్నాడట. అన్న సంతోషపడ్డాడు. తర్వాత అయిదు సార్లు పోయాడు. పోయిన ప్రతిసారీ ఒక కాగితం తక్కువైంది. ఆధార్‌లో సుధాకర్, మిల్లు జీతం చీటీలో సుధాకర, ఇద్దరూ ఒకరేనని రాయించుకు రమ్మన్నారు. అది తీసుకుపోతే ఇంటి పన్ను రసీదు పాతదన్నారు. ఓనరు దగ్గర అసలు దస్తావేజు చెదలు తినేసిందంటే రిజిస్ట్రారు ఆఫీసు నుంచి నకలు తెమ్మన్నారు. అది కూడా తెచ్చి ఇచ్చాడు. సెలవు పెట్టిన రోజుకు మిల్లువాళ్ళు ఆరువందల యాభై కోస్తారు. నలభై ఒక్క రోజులు గడిచిపోయాయి. అన్నం తింటూ ఉన్నట్టుండి లేచి గోడకున్న క్యాలెండరు దగ్గరికి పోయేవాడు, మళ్ళీ వచ్చి కూర్చునేవాడు.

నేను హజరా బీ పేరు ఎత్తాను.

"మీ మెట్టు మీద కూసునే ఆమెనా? నువ్వేమన్నా కమీషను మాట్లాడుకున్నావా మ్మే?" అన్నాడు అన్న.

అమ్మ మాత్రం "పిల్సుకొని రా, సూద్దాం" అంది.

హజరా బీ బుధవారం వచ్చింది. లోపలికి రాకుండా వీధిలో నిలబడి అగ్రిమెంటు కాగితం తీసి హద్దులు చదవడం మొదలుపెట్టింది. తూర్పున ఏసన్న ఇల్లు అనగానే ఏసన్న తలుపు తీసుకుని వచ్చాడు.

"మా ఇంటి పేరు ఎందుకు సదువుతాండారు?"

"నీ ఇల్లు అమ్మలేదులేప్పా. పక్కది అమ్ముతాండారు. తూర్పున నువ్వేనా?"

"నేనే. మా నాయన కాలం నుంచి నేనే."

"నాయన కాలంలో నువ్వెట్లవుతావు, నాయన అవుతాడు గానీ."

వీధిలో ఉన్నవాళ్ళు నవ్వారు. నాలుగు హద్దులూ సరిపోయాయి. అప్పుడు లోపలికి వచ్చి మగ్గం గుంట పక్కన చాప మీద కూర్చుంది. అన్న నిలబడే ఉన్నాడు.

"ఒక మాట అడుగుతా, ఏమనుకోవద్దు. జీతం నాది, సంతకాలు నావి, కాయితాలు నేనే తెచ్చేది. నీకు ఎనిమిది వేలు దేనికి?"

"ఎన్ని దినాలు పోయినావు బ్యాంకుకు?"

"అయిదు."

"నేను పోతే ఒక్క దినం. ఏ కాయితం ముందు పెట్టల్ల, ఏది ఎనక పెట్టల్ల, నాకు తెలుసు. దానికే."

"బ్యాంకోళ్ళు గూడా నీకు ఇస్తారంట."

"కొన్ని ఫైనాన్సులోళ్ళు ఇస్తారు. అబద్ధం సెప్పను. నువ్వు పోయిన బ్యాంకు నాకు పైసా ఇయ్యదు. ఫైనాన్సులో పెట్టమంటే పెడతా, అప్పుడు నీ దగ్గర ఏమీ తీసుకోను. వడ్డీ వందకు నాలుగు ఎక్కువ. పదహైదేండ్లు కడతావా?"

అన్న గోడకున్న క్యాలెండరు వైపు చూశాడు.

"నువ్వే తిరిగి తెచ్చుకుంటానన్నా తెచ్చుకోవచ్చప్పా. సదువుకున్నోడివి. ఇంగో నెల పడతాది, అంతే. నీ దగ్గర ఎన్ని దినాలు ఉండాయో నువ్వే సూసుకో."

"లోను రాకపోతే?" అని అమ్మ అడిగింది.

"రాకపోతే నాకేమీ వద్దు. బ్యాంకు చెక్కు రాసిన నాడు ఇయ్యండి. ముందర రూపాయి ముట్టను."

ఆదోనిలో ఇంకొకాయన రెండు పర్సెంటు అడిగాడు, అందులో సగం ముందే ఇమ్మన్నాడు. దానితో పోలిస్తే ఇదే నయమని అమ్మ ఒప్పుకుంది. అన్న ఒప్పుకోలేదు, ఊరుకున్నాడు.

ఆ తర్వాతి రోజుల్లో నాకు రెండు రకాల ఆలోచనలు వచ్చేవి. ఆమె బ్యాంకుకు పోయి అరగంట కూర్చుని వచ్చేది. పేరు తేడా గొడవ ఆ అరగంటలో తీరిపోయింది. అరగంటకు ఎనిమిది వేలా అని ఒక రోజు అనిపించేది. అయిదు రోజులకు కానిది అరగంటలో అయింది కదా అని ఇంకో రోజు. ఆమె మెట్టు మీద కూర్చుని వేరేవాళ్ళతో మాట్లాడుతుంటే మా సంగతేనేమోనని చెవులు అటే ఉండేవి, కాపీలు తప్పు తీసేదాన్ని.

ఒక్క విషయం మాత్రం ఆమె వచ్చిన ప్రతిసారీ అడిగేది. "ఆ నకలు ఏదీ బేటీ? నేను సదవలేదు ఇంగా." అది బ్యాంకు ఫైల్లో ఉందని అన్న చెప్పాడు. ఫోనులో ఫోటో పంపాడు. ఫోటోలో నల్ల గీతలు తప్ప ఏమీ కనిపించలేదు. బ్యాంకు లాయరు చూసి సరేనన్నాడు కదా, ఇంకేం కావాలి అని అన్న విసుక్కున్నాడు.

ఎనభయ్యో రోజు లోను మంజూరైంది. అమ్మ నూలు కండెలు చుట్టడం ఆపి ఆ కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని చూసింది. ఎనభై ఆరో రోజు రిజిస్ట్రేషను, అదే రోజు చెక్కు. దస్తావేజు రాయించడానికి బ్యాంకువాళ్ళు ఫైలు ఇచ్చారు. అన్న దాన్ని ఎనభై మూడో రోజు తెచ్చి కాపీలు తీయమని నా బల్ల మీద పెట్టి టీకి పోయాడు. శ్రావణ సోమవారం. ఉరుకుంద ఈరన్న స్వామి గుడికి పోయే బస్సులు కిక్కిరిసి పోతున్నాయి. ఆదోని బస్సు ఆలస్యమై హజరా బీ పదకొండుకు వచ్చింది.

ఫైలు చూసి చెయ్యి చాపింది. నకలు తీసి భూతద్దం పెట్టింది. వేలితో గీతల మీద నడుస్తూ పెదవులు కదిపింది. మూడో వరుసలో ఆగింది. వెనక్కి వచ్చి మళ్ళీ చదివింది.

"ఈ వరస పెద్దగా తియ్యి బేటీ."

మిషన్‌లో ఎంత పెద్దది అవుతుందో అంతా చేసి తీశాను. భీమప్ప గారి కుమారుడు ఈరన్న అని నాకూ తెలిసింది. ఆ రెండింటి మధ్య ఏదో మెలిక ఉంది. నేను ఇంతకుముందు చూసినప్పుడు అది కలం తిప్పిన సొగసు అనుకున్నాను.

"మీ ఓనరుకు అన్నదమ్ములు ఉండారా?" అని అడిగింది.

"ఇద్దరు తమ్ముళ్ళు ఉన్నారని అమ్మ చెప్పేది."

"పేర్లు?"

"ముగ్గురూ ఈరన్నలే. ఉరుకుంద మొక్కు అంట."

"ఈయన యావాయన?"

"పెద్దాయన."

ఆమె పెద్ద కాపీని నా వైపు తిప్పి ఆ మెలిక మీద గోరు పెట్టింది. "నడిపి. భీమప్ప గారి కుమారుడు నడిపి ఈరన్న. ఇల్లు కొన్నది నడిపోడు. అమ్ముతాండేది పెద్దోడు."

మా వైపు ఇట్లాంటి ఇండ్లు చాలా ఉన్నాయి. మొక్కుకుంటే పుట్టిన పిల్లలందరికీ అదే పేరు, ముందు పెద్ద, నడిపి, చిన్న అని పెట్టుకుంటారు. ఇంట్లో అది సరిపోతుంది. ఆధార్ కార్డు తీసినప్పుడు ఆ ముందు మాట పోయింది. ముగ్గురూ భీమప్ప కొడుకు ఈరన్నలే అయ్యారు. పన్ను రసీదు, బ్యాంకు లాయరు టైపు చేసిన కాగితం, అన్నింటిలో ఉట్టి ఈరన్న. అన్నీ ఒకదానితో ఒకటి సరిపోయాయి.

అన్న టీ తాగి వచ్చాడు. ఆమె చెప్పింది. అన్న కాపీ వైపు చూడలేదు, ఆమె వైపే చూశాడు.

"లాయరు సరే అన్నాడు. బ్యాంకు డబ్బులు ఇస్తాంది. మూడు దినాలు ఉండాది. నీకేం నొప్పి?"

"నాకేం నొప్పి లేదప్పా. మూడు దినాలు నోరు మూసుకుంటే నా ఎనిమిది వేలు నాకు వస్తాది."

"రామసుబ్బయ్య శెట్టి ఎంత ఇస్తానన్నాడు నీకు?"

పుల్లన్న మిషన్ ఆపేశాడు. షాపులో ఉన్నవాళ్ళందరూ ఇటు తిరిగారు.

"ఇరవై వేలు ఇస్తానన్నాడు పోయిన నెల. మీ ఫైలు ఆలస్యం సెయ్యమని" అంది హజరా బీ. "నేను ఊ అనలేదు, ఊహూ అనలేదు. ఆయన వచ్చి అడిగితే ఆయనకూ ఇదే కాయితం సూపిస్తా."

ఆమె దాచకుండా చెప్పినందుకు నమ్మాలా, అంతవరకు చెప్పనందుకు అనుమానించాలా తెలియలేదు. అన్న ఫైలు చంకలో పెట్టుకుని పోయాడు. పోతూ నాతో, "సూస్తివా నీ బూబమ్మను" అన్నాడు.

నేను పోయి చెప్పాక అమ్మ మధ్యాహ్నం దాకా మగ్గం వదల్లేదు. మగ్గం మీద నాలుగు అంగుళాలు నేసి, అందులో తప్పు పడి, రెండు అంగుళాలు విప్పింది. తర్వాత ఏసన్న దగ్గరికి పోయి నడిపి ఈరన్న ఎక్కడ ఉన్నాడని అడిగింది. నడిపాయన తొమ్మిదేళ్ళ కిందట బెంగళూరులో మేస్త్రీ పనిలో పడి చనిపోయాడనీ, భార్య హొన్నమ్మ దేవరగట్టు పక్కన పల్లెలో ఉందనీ ఏసన్న చెప్పాడు.

మరునాడు అమ్మ, నేను, హజరా బీ పోయాం. ఆదోనిలో బస్సు మారాలి. హొళగుంద బస్సు గంటన్నర రాలేదు. అమ్మ బస్టాండులో ఆ చివర నుంచి ఈ చివరకు నడుస్తూనే ఉంది. హజరా బీ రొట్టె విరిచి నా చేతిలో పెట్టి, తినమని కళ్ళతో చెప్పింది.

హొన్నమ్మ మిరప మొక్కలకు నీళ్ళు పెట్టి అప్పుడే ఇంటికి వచ్చింది. ఎమ్మిగనూరు ఇల్లు అనగానే, "హౌదు, అది మాదే" అంది. "మా మామ ముగ్గురికీ మూడు ఇండ్లు ఇప్పిచ్చినాడు. బాడుగ మా బావ తీసుకుంటాడు. ఏటా రెండు బస్తాలు జొన్నలు పంపిస్తాడు."

చెదలు తిన్నదన్న దస్తావేజు ఆమె రేకు పెట్టెలో ప్లాస్టిక్ కవరులో ఉంది. హజరా బీ గడప దగ్గర కూర్చుని మొదటి నుంచి చివరి వరకు పైకి చదివింది. నడిపి అన్న చోట ఆగి అమ్మ వైపు చూసింది.

"బావ అమ్ముతానన్నాడా?" అని హొన్నమ్మ మెల్లగా అడిగింది. ఎవరూ చెప్పకుండానే అర్థమైంది ఆమెకు. దస్తావేజు మళ్ళీ కవరులో పెడుతూ, "బాడుగ ఎంత ఇస్తాండారు మీరు?" అంది.

"రెండు వేల రెండు వందలు."

"వెయ్యి అని సెప్పినాడే" అంది హొన్నమ్మ.

ఇల్లు తాను అమ్మనని హొన్నమ్మ చెప్పింది. కొడుకు పదో తరగతి, వాడు పెద్దవాడయ్యాక చూద్దామంది. అంతవరకు మేము ఉండొచ్చు, బాడుగ తన ఖాతాలో వేయాలి. అమ్మ సరే అంది.

లోను వద్దని అన్న బ్యాంకుకు రాసి ఇచ్చాడు. రాస్తూ రెండు కాగితాలు చించేశాడు. బ్యాంకు ఫీజులకు కట్టిన నాలుగు వేలు తిరిగి రావన్నారు. బయానా కోసం అమ్మ, హజరా బీ సి.బెళగల్‌కు మూడు సార్లు పోయారు. మొదటిసారి పెద్ద ఈరన్న ఇంట్లో లేడన్నారు. రెండోసారి ఉన్నాడు, తమ్ముడి ఇల్లయినా పెత్తనం తనదేనన్నాడు. మూడోసారి హజరా బీ ఆయన ఇంటి ముందు వీధిలో నిలబడి దస్తావేజు కాపీ పైకి చదవడం మొదలుపెట్టింది. రెండో పేజీకి రాకముందే లోపలికి పిలిచాడు. డెబ్బై వేలు ఇచ్చాడు. ముప్పై వేలు ఇంకా రావాలి. ఈ మధ్య మా వీధికి వచ్చి గట్టిగా అరిచిపోతున్నాడు, ఆ బూబమ్మ వల్లే రాణమ్మకు ఇల్లు పోయిందని. మాట అక్కడి నుంచే పుట్టిందేమో తెలియదు.

డెబ్బై వేలు వచ్చిన రోజు ఇంట్లో గొడవ జరిగింది. అమ్మ ఎనిమిది వేలు విడిగా తీసి పెట్టింది.

"లోను తీసుకోలేదు. ఇల్లు రాలేదు. ఆమే సెప్పింది, చెక్కు రాస్తేనే ఫీజు అని. దేనికి ఇస్తావు?" అన్నాడు అన్న.

"నేను చీర నేసి ఇచ్చినాంక వాళ్ళు కట్టుకోకుండా పెట్టెలో పెట్టుకుంటారు. కూలి ఇయ్యరా నాకు?"

"ఇది చీర కాదు మా."

"నువ్వు ఆ నకలు చేతిలో పెట్టుకొని బ్యాంకుకు తిరిగినావు" అన్నాను నేను. ఎట్లా వచ్చిందో ఆ మాట. "నేను కాపీ తీసినాను. లాయరు సంతకం పెట్టినాడు. ఎవురూ సదవలేదు కదన్నా."

అన్న నా వైపు కొత్తగా చూశాడు. తర్వాత చొక్కా వేసుకుని బయటికి పోయాడు. ఎనిమిది వేలు ఎక్కువనే ఇప్పటికీ అంటాడు. ఎక్కువేనేమో. పది లక్షలు పోసి వేరేవాళ్ళ ఇల్లు కొనకుండా ఆగినందుకు ఎంత ఇవ్వాలో ఎక్కడా రాసి ఉండదు. ఆ లెక్క నాకూ తేలలేదు. అమ్మ వసారా రేకులు మార్చాలా వద్దా అని ఇప్పుడు రోజూ ఆలోచిస్తుంది. మనది కాని ఇంటికి ఖర్చు పెట్టడమెందుకు అంటుంది, వాన పడితే మగ్గం గుంటలోకి నీళ్ళు వస్తాయి అని తనే అంటుంది.

షాపులో ఆ రైతులు చెప్పుకున్నదాంట్లో ఒకటి నిజం. హజరా బీ ఎనిమిది వేలు తీసుకుంది. వద్దనలేదు, తగ్గించలేదు, లెక్కపెట్టుకుని సంచిలో పెట్టుకుంది. తీసుకున్నది శ్రావణంలో కాదు, కార్తీకంలో. లోను వద్దని మేము బ్యాంకుకు రాసి ఇచ్చిన రెండున్నర నెలల తర్వాత, ఆమె అడగకుండానే, మా అమ్మ ఆదోనికి పోయి ఆమె ఇంట్లో ఇచ్చి వచ్చింది.